దాఖలా రిజిస్టరు

సదువు బిడ్డా, జరంత నిమ్మళంగ సదువు.
తొలి పదారు పేజీలు ఉర్దూనా? ఇడిసిపెట్టు.
తెలుగు మొదలైన కాడికెల్లి అందుకో.

ఐలమల్లు. ఊరు నర్సంపేట.
కండ్లు పోయిన కారణం: అమ్మవారు.
నిజమే. వాని మొఖం మీద ఏలు పెడితె
దుమ్ముల తొలివాన పడ్డట్టు గుంతలు.
పలకలు రాకముందు మేమందరం
వాని చెంప మీదనే చుక్కలు లెక్కపెట్ట నేర్చినం.
కోపానికొచ్చేటోడు కాదు పాపం,
సక్కిలిగింతకు నవ్వేటోడు.

సారమ్మ. కారణం: నాటు మందు.
నాటు మందంటె జిల్లేడు పాలని రాయలే,
ఎవలు పోసిన్రో రాయలే.
రాద్దామన్నా గా గడి చిన్నది.

సుబేదారి ఎనుక గుర్రాల కొట్టం, అదే మా బడి.
గుర్రాలు పోయినయి, వాసన పోలే.
గోడల ఇనుప కడియాలకు పలకలు తగిలిచ్చేటోళ్లం.
పొద్దున చదువు, పగటీలి బేతు అల్లుడు.
కచ్చేరిల కుర్చీలన్ని మేం అల్లినయే.
ఎంతమంది పెద్దమనుషులో
మా ఏళ్ల మీద కూసొని తీర్పులు చెప్పిన్రు.

వలీ సారుకూ కండ్లు లేవు.
"రాసేటప్పుడు ఉర్దూ లెక్క కుడి దిక్కు నుంచి పొడువుండ్రి,
కాయితం మర్లేసి
తెలుగు లెక్క ఎడమ నుంచి సదువుండ్రి.
రెండు భాషలకు నడుమ
ఒక్క కాయితమంత మందమే పిల్లలూ" అనెటోడు.
మాకు నవ్వొచ్చేది. ఇప్పుడు రాదు.

ఊఁ, తర్వాత?

మొగిలి. వయసు పన్నెండు. ఊరు పరకాల అవతల.
విడిచిన కారణం: పారిపోయెను.

ఆగు.
మళ్ల సదువు.
పారిపోయెను.
సిరాతోటి రాసిన్రా, ఎర్రదా నల్లదా?
సరే. గా ఆకు మర్లెయ్యి. ఎనుక దిక్కు ఏమున్నది?

కొంరవ్వ. వయసు ఏడు. పుట్టు గుడ్డి.
తెచ్చినవారు: తెలియదు.

పుట్టు గుడ్డి కాదు, కొట్టెయ్యి.
కల్లంల ఆరబోసిన మిరపకాయల ఎరుపు
ఇప్పటికీ నా దగ్గరనే ఉన్నది, ఎవలకూ ఇయ్యలే.
నా చూపు కూడ మసకబారుతున్నదని
ఎవలో ఊరోళ్లు వచ్చి చెప్తె ఇని
గోడ దుంకిండు వాడు.
పన్నెండు కోసులు ఒక్కడే పోయిండు,
నన్ను పట్టుకొని పన్నెండు కోసులు మర్లొచ్చిండు.
నాకు ఇంత మసక ఉండె, వానికి తొవ్వ ఎరుక.
గుంతలు నేను చెప్పిన, మలుపులు వాడు చెప్పిండు.
తొమ్మిదో నాడు గేటు కాడికి చేరినం.

జమేదారు నన్ను లోపటికి గుంజుకున్నడు.
"నీ పేరు కొట్టేసినం, పో" అన్నడు వాణ్ని.
తెచ్చినోడు తెలియదట!
తొమ్మిది రోజుల కింద
గా చేతితోటే కదా వాని పేరు కొట్టేసింది.

రెండు దినాలు గోడ అవతల కట్టె సప్పుడు ఇన్న.
నేను దగ్గితె వాడు దగ్గేటోడు.
మూడో నాడు పొద్దుగాల
కాజీపేట దిక్కు ఇంజను కూసింది, అంతే.
నా మసక గూడ ఆ చలికాలమే పోయింది.
ఏది ముందు పోయిందో యాదికి లేదు.

వద్దు బిడ్డా, నువ్వు సిరాతోటి దిద్దకు.
నా సంచిల పలక ఉన్నది, మొల ఉన్నది.
ఆ ఆకు ఇటు మర్లెయ్యి, వాని దిక్కు.
పారిపోయెను అన్న కాడ నా ఏలు పెట్టు.
అద్దెక్కడ? ఇక్కడనా?

కుడి నుంచి పొడుస్తున్న.
పాత కాయితం, చినుగుతదేమో అని భయం.
చినుగలే.
ఇప్పుడు మర్లెయ్యి, నా దిక్కు.
తెచ్చినవారు అన్న గడి కాడ
లేచినయా చుక్కలు? నీ ఏలు పెట్టి చూడు.
నీకు సదువ రాదు, ఎరుకే.
అన్న.
గంతే రాసిన.

ఇగ తర్వాతి పేరు సదువు.